హెల్మెట్‌కు పసుపు కుంకుమ

తమిళనాడు ధర్మపురిలో ఇనుప సామాన్ల అంగడి ఇంటి కోడలిని నేను. ఇల్లు కట్టేవాళ్లకు మేకు నుంచి మోటారు దాకా అమ్మాను కాని, నలభై దాటినా ఒక కొండ ఎక్కింది లేదు. అందుకే పెన్నాగరం అవతల గుహలోకి కొత్తవాళ్లను తీసుకుపోవడానికి సేలం నుంచి ఒక అమ్మాయి వస్తోందని తెలియగానే, నేనూ వస్తానని చెప్పేశాను. ఒక్కసారైనా భూమి లోపలికి పోయి చూడాలి, అంతే.

మా అత్త కూడా బయలుదేరింది. "నువ్వు పడితే ఎత్తేదెవురు?" అంది. డెబ్బై దాటిన మనిషి నన్ను ఎత్తుతుందట!

కావలసినవన్నీ మా అంగడిలోనే ఉన్నాయని నా ధీమా. మేస్త్రీలు పెట్టుకునే పచ్చ హెల్మెట్, ఒక టార్చి సంచిలో వేసుకున్నాను. గుహకు పోయే దారిలో ఆ అమ్మాయి నా హెల్మెట్‌ను నా తలకు పెట్టి వంగమంది. వంగాను. అది దొర్లుకుంటూ పోయి పొదలో పడింది. గడ్డం కింద పట్టీ లేనిది పనికిరాదని తమిళంలో తేల్చి చెప్పింది. మా సరుకుకే వంక పెడుతుందా అని నాకు ఒళ్లు మండింది. "టార్చి చేత్తో పట్టుకుంటే, రాయిని దేంతో పట్టుకుంటారు?" అని అడిగింది. టార్చిని మళ్లీ సంచిలో పెట్టేశాను. తను తెచ్చిన పట్టీ హెల్మెట్ ఇచ్చింది. దాని నుదుట లైటు. అది ఆరితే ఇంకొకటి, అదీ పోతే మూడోది. చీలమండ దాకా పట్టే బూట్లు, మోకాళ్లకు మెత్తలు. మేము ఎప్పటికి తిరిగి రావాలో తెలిసిన మనిషి ఒకరు బయట ఉండి తీరాలంది. ఆ పని అత్తకు అప్పగించాం.

అసలు తగువు గుహ వాకిట్లో వచ్చింది. అక్కడ ఒక రాయికి ఎవరో పసుపు పూసి కుంకుమ పెట్టారు.

"సామి ఉండాడు! బూట్లు ఇడువు. తల మీద దాన్ని గూడా తియ్" అంది అత్త.

అవి తీస్తే లోపలికి పోనివ్వనంది ఆ అమ్మాయి. ఇద్దరూ పట్టు విడవరు. ఇంత దూరం వచ్చి వాకిట్లో నుంచి వెనక్కి పోవాలా? నాకు ఏడుపొచ్చింది.

"అత్తా, నేను లోపలికి పోవాల!" అని అరిచేశాను. పెళ్లయ్యాక ఆమె మీద అరవడం అదే మొదలు.

అత్త నన్ను, నా బూట్లను ఎగాదిగా చూసింది. తరువాత లోపల జారుతుందా అని ఆ అమ్మాయిని అడిగింది. బాగా జారుతుందని విని, సామి దగ్గరి పసుపు కుంకుమ వేలితో తీసి నా హెల్మెట్‌కు, రెండు బూట్లకు బొట్లు పెట్టింది, ఆయుధపూజ నాడు అంగడిలో తక్కెడకు పెట్టినట్టే.

"సామీ, ఇవి చెప్పులు కాదు, పనిముట్లు" అని దండం పెట్టి, "ఇంక పో" అంది నాతో.

లోపల చల్లగా ఉంది, తడి మట్టి వాసన. మాతో వచ్చిన ఇద్దరు టీచర్ల వెనకే పాక్కుంటూ పోయాను. పైకప్పు రెండుసార్లు నా నెత్తిన మొట్టేసరికి ఆ అమ్మాయి మీద కోపం ఎగిరిపోయింది. ఒకచోట కూర్చుని అందరం లైట్లు ఆర్పాం. నా చెయ్యి నాకే కనబడలేదు. భయం వేయలేదు, నవ్వొచ్చింది. ఎంత సంతోషమో!

బయటికి వచ్చేసరికి అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. నా ఒళ్లంతా తడిమి చూసింది.

"నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఈడికే పిల్చుకొచ్చినారు" అంది మెల్లగా. "ఆడోళ్లు పోకూడదని నన్ను ఈ బండ మీద కూచోబెట్టి, మొగోళ్లంతా పోయి చూసొచ్చినారు. లోపల ఏముండాదో ఒకరు గూడా చెప్పలేదు."

నా చెయ్యి పట్టుకుని ఆ బండ మీదే కూర్చుంది.

"నువ్వు చెప్పు మే. ఒక్క రాయి గూడా ఇడవకుండా చెప్పు."