ఇంధన ఘటం, టర్బైన్, గుడియాత్తంలో నా నిర్వాకం

తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలో మా దూరపు బంధువు రాజేంద్ర మామ నూలుకు రంగులు వేసే కార్ఖానా నడుపుతాడు. కరెంటు పోతే డీజిల్ జనరేటరు, రంగునీళ్ళు మరగడానికి కట్టెలు, ఊరంతా పొగ. పక్క కార్ఖానాల వాళ్ళతో కలిసి గ్యాసుతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రం పెట్టుకోవాలని ఆయన కోరిక. "మనోళ్ళకు మన తెలుగులో చెప్పాల నాయనా. వాళ్ళు సరేనంటేనే అయ్యే పని" అని ఫోన్ చేశాడు. తిరుపతిలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకునే నాకు ఇంకేం కావాలి? తెర మీద చూపించే పేజీలన్నీ అచ్చ తెలుగులో తయారు చేసుకుని బయల్దేరాను.

పొద్దున్నే బస్సెక్కితే చిత్తూరు మీదుగా సుమారు మూడు గంటల్లో వేలూరు. కోట దగ్గర పొంగలి, వడ తిని గుడియాత్తం బస్సు కోసం బస్టాండుకు ఆటో ఎక్కాను. డ్రైవరు తెలుగువాడే. ఫోన్లో నేను తెలుగులో రాసుకున్న మామ చిరునామా చూపించి, గుడియాత్తంలో ఏ స్టాపులో దిగాలని అడిగాను. "నువ్వే చదివి చెప్పప్పా" అన్నాడు. బండి నడుపుతున్నాడు కదా అనుకున్నాను. అక్కణ్ణుంచి బస్సులో గంట దారి, టికెట్టు యాభై రూపాయల లోపే.

కార్ఖానా హాల్లో అందరూ కూర్చున్నాక మొదటి పేజీ వేశాను: 'ఇంధన ఘటానికి టర్బైన్ జోడిస్తే కలిగే లాభాలు'. ముందు వరసలో మామ ఉన్నాడు. "మామా, అందరికీ వినపడేట్టు మీరే చదవండి" అన్నాను. ఆయన లేచి చాలాసేపు తెరవైపు చూశాడు. "అద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చినా నాయనా" అన్నాడు. అద్దాలు ఆయన చొక్కా జేబులోంచి కనిపిస్తూనే ఉన్నాయి. అక్కడితోనైనా నోరు మూసుకున్నానా? "జేబులోనే ఉన్నాయి కదా మామా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మామ భార్య సరోజత్త మెల్లగా అంది: "మా బడి చదువంతా తమిళమే కదప్పా. తెలుగు నోటికి వస్తాది గానీ చదివేది రాదు. ఈడ ఎవురికీ రాదు." నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెర ఆర్పేసి నోటితో మొదలుపెట్టాను. "ఘటమంటే కుండా?" అని ఒకాయన అడిగితే ఫ్యూయల్ సెల్ అన్నాను. అందులో గ్యాసు మండకుండానే కరెంటు ఇస్తుంది. బయటికొచ్చే వేడి గాలిని టర్బైన్ రెక్కల మీదికి పంపితే ఇంకొంత కరెంటు వస్తుంది. ఆ టర్బైనే గాలిని ఒత్తిడితో సెల్లోకి తోస్తే సెల్ కూడా మెరుగ్గా పనిచేస్తుంది. అదే గ్యాసుకు ఎక్కువ కరెంటు, తక్కువ పొగ. మిగిలిన వేడితో రంగునీళ్ళు మరుగుతాయి. "అన్నం ఉడికిన పొయ్యి మీదనే నీళ్ళు కాంచుకునే మాదిరి" అంది సరోజత్త. అంతేనన్నాను. ఖరీదెక్కువనీ, మొదలుకావడానికి గంటలు పడుతుందనీ కూడా చెప్పాను. కానీ అందరి కళ్ళూ తల వంచుకున్న మామ మీదే ఉన్నాయి. "ఇది చదువుకున్నోళ్ళ వ్యవహారం. మనకు డీజిలే ఉండనీ" అని ఒకాయన లేచాడు. మిగతావాళ్ళూ లేచారు.

బస్టాండుదాకా మామ వచ్చాడు. క్షమించమన్నాను. "నీ తప్పేముండాది? నాకు చదివేది రాదని ఫోన్లోనే చెప్పుండాల. నీకు చెప్పేదానికి సిగ్గయింది" అన్నాడు.

తరాలుగా తెలుగు నేలకు దూరంగా ఉండి కూడా ఇంట్లో భాషను నిలుపుకున్న మనిషిని, నేను ఆయనవాళ్ళ ముందే చదువురానివాడిగా నిలబెట్టాను. ఆయన కోరుకున్న పని కూడా చెడగొట్టాను. ఇప్పటికీ ఆయనకు ఫోన్ చేయడానికి మొహం చెల్లడం లేదు. వేలూరు వైపు మనవాళ్ళకు ఏదైనా వివరించడానికి వెళ్ళేవాళ్ళు బొమ్మలు తీసుకెళ్ళండి, నోటితో చెప్పండి. ఎవరినీ లేచి చదవమని మాత్రం అనకండి.