పెదవుల ప్రార్థన

పోయినేడు చనిపోయిన మా పెనుకొండ పాస్టరుగారు, కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాక అల్బేనియా వెళ్లి చాలాకాలం సువార్త చెప్పి వచ్చారు. అక్కడి పడుచువాళ్లు గిటార్లతో పాడుతున్నా, ముసలమ్మలు ప్రార్థన నేరమైన రోజుల పాత భయంతో పెదవులు మాత్రమే కదిపి ప్రార్థించేవారట. ఆ అలవాటు ఆయనకూ అంటింది. ప్రసంగం మాత్రం గట్టిగానే చేసేవారు.

"అయ్యగారు ప్రార్థనకు లేస్తే మైకు ఆపప్పా, కరెంటన్నా మిగుల్తాది" అని సంఘంలో నవ్వుకునేవాళ్లు.

చూపుపోయి మంచాన పడ్డ మా అమ్మ చివరిరోజున ఆయన్ని పిలిపించింది. "గట్టిగా సెయ్యండి అయ్యగారూ. ఇనపడకుంటే బయమైతాండాది" అంది.

ఆయన ప్రయత్నించారు. కానీ పెదవులే కదిలాయి. పక్కన కూర్చున్న నాకు ఒక్క మాటా వినపడలేదు. పెదవులు ఆగగానే అమ్మ "ఆమెన్" అంది.

ఆయన ముఖం పాలిపోయింది. "ఇనపడిందామ్మా?" అని అడిగారు.

"అంత గట్టిగా అరిస్తే ఇనపడదా అయ్యా" అంది అమ్మ.