హీటరు పెట్టెలో అక్షింతలు

పసుపు కలిపిన బియ్యం వేడికి కాస్త మాడితే వచ్చే వాసన తగిలినప్పుడు ఎవరికైనా పెళ్లిపందిరో పూజగదో గుర్తుకు రావాలి. నాకు మాత్రం కారు గుర్తుకొస్తుంది. మొన్న మా వంటింట్లో ఎవరో తడి అక్షింతలు ఆరతాయని పొయ్యి పక్కన పళ్లెంలో పెట్టి మరిచిపోతే, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న నా దాకా ఆ వాసన వచ్చింది. పేపరు చేతిలో అలాగే ఉండిపోయింది. నేను మాత్రం శృంగవరపుకోటలో మా పెరటి గుమ్మం దగ్గర, తలుపు బార్లా తీసి ఉన్న నల్లకారు పక్కన, గౌను అంచు నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాను. కారులో వెల్లకిలా పడుకున్న సన్యాసి మావ చేతులు, డాష్‌బోర్డు కింది రేకుపెట్టె మరలు విప్పి, పిడికిలంత మోటారునీ దాని కొసనున్న రెక్కల చక్రాన్నీ బయటికి లాగాయి. వాటితోపాటే బయటపడ్డాయి నా జీడిపిక్క ఒకటి, రెక్కల మధ్య ముద్దకట్టిన మామ్మ అక్షింతలు గుప్పెడు.

చిన్నాన్న వాటిని చూశాడు, నన్ను చూశాడు, తర్వాత వంటింటి వైపు చూశాడు.

"నోరెత్తకే గుంటా," అన్నాడు.

మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి. చిన్నాన్న ఆమెకి ఆఖరివాడు. ఇంటిల్లిపాదీ వరీ చోళ్లూ నువ్వులూ పండించుకుని బతుకుతుంటే, అతనొక్కడూ నాగలి వదిలి స్టీరింగు పట్టుకున్నాడు. అతని కారు అంతకుముందు నీలగిరి కొండల్లో ఒక తేయాకు తోట మేనేజరు దగ్గర తిరిగినది. అందుకే మా వైపు ఏ కారుకీ లేని హీటరు దానికి ఉండేది. ఇంజను దగ్గర కాగిన నీళ్లు గొట్టంలోంచి ఆ రేకుపెట్టెలోకి వచ్చి తిరుగుతుంటే, లోపలి చిన్న ఫ్యాను ఆ వేడిని కొంత కాళ్ల మీదికీ, కొంత ముందు అద్దం అడుగునున్న రెండు సన్నటి సందుల్లోంచి అద్దం మీదికీ ఊదేది. ఆ కారు మా వీధిలోకి మొదటిసారి వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం వచ్చింది. చిన్నాన్న గొప్పగా ఫ్యాను వేసి చూపిస్తే, సంత నుంచి తిరిగొస్తున్న జనం తలపాగాలు విప్పి మొహాలు తుడుచుకుంటూ నవ్వారు.

"ఓలమ్మో, ఎండకి మనుసులు సచ్చిపోతంటే ఏడిగాలి కొట్టీ కారేట్రా బాబూ! వడదెబ్బని ఇంటికి తోలుకొచ్చీసినావు!"

ఆ నవ్వులు మార్గశిరం వచ్చేదాకానే. ఆ నెలలో పొద్దున్నే పొలాల మీంచి పొగలాంటి మంచు వీధిలోకి వచ్చేది. పెరట్లో కుంపటి మీద తేగలు కాలుతుంటే మేం చేతులు కాచుకుంటూ, వేసవిలో దాచుకున్న జీడిపిక్కలతో గీత గీసి కొట్టుకునే ఆట ఆడేవాళ్లం. గిన్నెల్లో చోడి అంబలి, అదే రాగి జావ, చల్లారకముందే తాగమని మామ్మ కేకలేసేది. కిందే అలా ఉంటే అరకు ఘాటు రోడ్డు మీద సంగతి చెప్పక్కర్లేదు. బయట మంచు, లోపల మనుషుల ఊపిరి కలిసి, రెండు మలుపులు తిరిగేసరికి అద్దం పాలు పోసినట్టు తెల్లబడేది. మిగతా డ్రైవర్లు ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తుడుస్తూ నడిపేవాళ్లు. చిన్నాన్న మీట నొక్కితే అద్దం కింది నుంచి పైకి తెర లేచినట్టు తేటపడేది. ఊళ్లో ఉండే డాక్టరమ్మ, వారానికోసారి కొండమీది పల్లెల్లో రోగుల్ని చూడటానికి, అందుకనే అతని కారు కుదుర్చుకుంది. ఆమె వెళ్లే రోజు గురువారం, మా మాటలో లక్ష్మివారం.

మార్గశిర లక్ష్మివారాలంటే మా వైపు ఇళ్లలో పెద్ద పూజ. తెల్లవారకముందే మామ్మ తలారా స్నానం చేసి, అమ్మవారికి చేసిన పూజలోని అక్షింతలు పళ్లెంతో సహా కారు దగ్గరికి తెచ్చేది. ఆమె ఎన్నడూ కొండ ఎక్కలేదు. కొండ రోడ్డంటే గోడ మీద పాకే బల్లిలాంటిదని ఆమె ఊహ. అందుకని కారు తలుపు తీసి, లోపలికి వంగి, డాష్‌బోర్డు మీది దేవుడి పటానికి బొట్టుపెట్టి, నెయ్యి బొట్టు వేసి పసుపుతో తడిపిన ఆ బియ్యం గుప్పెళ్లకొద్దీ పటం మీద పోసేది. పటం సరిగ్గా అద్దం కింది సందుల మధ్య ఉండేది. పోసినవాటిలో సగం ఎక్కడికి పోతున్నాయో రెండేళ్లపాటు ఎవరమూ చూడలేదు. హీటరు వేస్తే పసుపు మాడిన వాసన వచ్చేది. అది హీటరు వాసనే అనుకున్నాం.

మూడో ఏడు మార్గశిరంలో, రెండో లక్ష్మివారంనాడు ఫ్యాను ఆగిపోయింది. మీట నొక్కగానే ఫ్యూజు కాలింది, దాంతోపాటే హారనూ వైపర్లూ పోయాయి. ఒక మలుపులో అద్దం తెల్లబడి, ఎడమపక్క చక్రం రోడ్డు దిగి గులకరాళ్ల మీద జారిందట. డాక్టరమ్మ కారు దిగి, తన తెల్లకోటు చేత్తో ఊపుకుంటూ ముందు నడిచింది. ఆ తెల్లదనం చూసుకుంటూ చిన్నాన్న వెనకాల కారు నడిపాడు. ఎంతదూరం అలా వెళ్లారో ఇద్దరూ రెండు రకాలుగా చెప్పేవాళ్లు. తిరిగొచ్చాక ఆమె మా నాన్నతో నెమ్మదిగానే చెప్పింది, వచ్చే వారానికి ఇది బాగుపడకపోతే ఇంకో బండి చూసుకుంటానని. నాన్న ఇంకా నెమ్మదిగా చిన్నాన్నతో అన్నాడు, "బాగవకపోతే అమ్మీసి మడిలోకి దిగిపో." మామ్మ మాత్రం ఆ వారమంతా దేవుడి దగ్గర దీపం కొండెక్కకుండా నూనె పోస్తూనే ఉంది.

మంగళవారంనాడు సన్యాసి మావ వచ్చాడు. బజారులో నీళ్ల మోటార్లకు తీగ చుట్టే పని అతనిది. చిన్నాన్నతో కలిసి బడి ఎగ్గొట్టినవాడు. అప్పటికి చిన్నాన్న ఫ్యూజు బదులు సన్నటి రాగి పోగులు పెట్టి పెట్టి, అన్నీ కాల్చేసి, విసుగెత్తి ఉన్నాడు.

"లావు తీగ ఎట్టీనా బావా?" అన్నాడు చిన్నాన్న.

"ఎట్టు. ఫ్యూజు పోదు, కారు పోతాది. తప్పుకో అలగ!"

సన్యాసి మావ మోటారుకు వెళ్లే తీగ ఒక్కదాన్నీ ఊడదీసి ఫ్యూజులో కొత్త పోగు పెట్టాడు. అది కాలలేదు. అంటే తీగల్లో దోషం లేదు. తర్వాత బ్యాటరీ నుంచి రెండు తీగలు తిన్నగా తెచ్చి మోటారుకు తాకించాడు. లోపల గుర్రుమని మూలిగింది గాని తిరగలేదు. చెవి పెట్టి విన్నాడు.

"పేణం ఉన్నాది బావా. తిరగనేకపోతన్నాది. ఎవులో పీక పట్టీసుకున్నారు."

వేసవిలో అద్దం కింది సందు మీద జీడిపిక్క దొర్లిస్తూ ఒకటి లోపలికి జారవిడిచింది నేనే. పెట్టె విప్పుతున్నంతసేపూ నావల్లే కారు అమ్మేస్తారని, చిన్నాన్న మడిలోకి దిగిపోతాడని గౌను అంచు నములుతూ నిలబడ్డాను. ఆ పిక్క ఉత్తినే బయటికి దొర్లింది. రెక్కల మధ్య గట్టిగా కరుచుకుని ఉన్నది మాత్రం, నెయ్యికీ దుమ్ముకీ మోటారు నూనెకీ ముద్దకట్టి, పైన నల్లగా లోపల పసుప్పచ్చగా ఉన్న అక్షింతలు.

వాటిని పుల్లతో పెకలించి, రెక్కలు కిరసనాయిలుతో కడిగి, ఇరుసుకి కుట్టుమిషను నూనె చుక్క వేసి తీగ తాకిస్తే ఫ్యాను తేనెటీగలా పాడింది. సందులకు వలలాంటి జల్లెడ తీగ బిగిస్తానన్నాడు సన్యాసి మావ. చిన్నాన్న ఒప్పుకోలేదు.

"ఎందుకురా అని మాయమ్మ అడుగుతాది. ఏటి సెప్పను? నీ దీవెనే నన్ను లోయలోకి తోసీసిందని సెప్పనా?"

అప్పుడే మామ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిన్నాన్న ముద్దని జేబులో దాచి, జీడిపిక్క పైకెత్తి చూపించాడు. "ఇదిగో అమ్మా, దీని పనే." మామ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "నీ సేతులు ఇరిగిపోనూ, సిన్నాన్నని సంపీద్దువే!" అంది. నేను నెత్తి రుద్దుకుంటూ నిలబడ్డాను. అతను ఆవిడ వెనకనుంచి రెండు చేతులూ జోడించి నాకేసి చూస్తున్నాడు.

ఇక ఆ ముద్ద మిగిలింది. అక్షింతలు తొక్కే చోట పడేయకూడదని మా ఇంట్లో పసిపిల్లలకీ తెలుసు. చిన్నాన్న తోచక దాన్ని నా చేతిలో పెట్టి, తులసికోటలో వేసి రమ్మన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ కోటలో నీళ్లు పోసేది మామ్మేనన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

లక్ష్మివారం వచ్చింది. డాక్టరమ్మ వెనకసీట్లో కూర్చుంది. మామ్మ పళ్లెం పట్టుకుని వస్తుంటే, చిన్నాన్న తలుపు పిడిమీద చెయ్యి వేసుకుని బిగుసుకుపోయాడు. మామ్మ తలుపు దాకా రాలేదు. "ఒరే, ఇలగ రా," అని పిలిచి, వంగమని, అక్షింతలు అతని నెత్తిమీద వేసింది. మిగిలినవి బయటినుంచే కారు కప్పు మీద చల్లింది. "బేగి వొచ్చీ," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట కుంపటి దగ్గర తేగలు పంచుతూ నాకొక్కదానికే రెండు ఇచ్చింది.

చిన్నాన్న ఆ ఘాటు మీద మరెన్నో ఏళ్లు నడిపాడు. మామ్మ మళ్లీ ఎప్పుడూ పటం మీద అక్షింతలు పోయలేదు. ఇప్పుడు ఆ కారు లేదు, కుంపటి లేదు, పిక్కలాట ఆడే పిల్లలు మా వీధిలో కనబడరు. మామ్మా చిన్నాన్నా సన్యాసి మావా ముగ్గురూ వెళ్లిపోయారు. కారుని తుక్కుకి ఇచ్చేసినప్పుడు చిన్నాన్న ఊడదీసి ఉంచిన రెక్కల చక్రం నా పుస్తకాల బీరువాలో ఉంది.

మామ్మకి ఎవరు చెప్పారని పెద్దయ్యాక ఇద్దర్నీ అడిగాను. సన్యాసిగాడు చెప్పేసుంటాడని చిన్నాన్న అన్నాడు. మీ చిన్నాన్నే అయ్యుంటాడని సన్యాసి మావ. నేనైతే చెప్పలేదు. బుధవారం పొద్దున్న నేను లేచి చూసేసరికే తులసికోటలో ఆ ముద్ద లేదు. పిచికలు తినేసి ఉంటాయని చిన్నాన్న చివరిదాకా అంటూనే ఉన్నాడు. మోటారు నూనె అంటిన బియ్యం పిచికలు తింటాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.