మూడు దాటాక ఇసుకలోకి దిగొద్దు

మా వదిన ఐల్సా ప్రింగిల్‌కి డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాలకు ముప్పై ఏళ్ళు వండిపెట్టిన మనిషి. ఎంత పొగరుబోతు మొగాడైనా ఆవిడ గరిటె ఎత్తితే నోరు మూసుకుని తినేవాడు. మా అన్నయ్య చనిపోయిన ఏడాదే ఆ వంట మానేసి, మా ఊరి సముద్రపొడ్డు కెల్ప్ బేలో పెంగ్విన్ల కాపలాకి దిగింది. పంతొమ్మిదేళ్ళయింది. జీతం లేదు, బత్తెం లేదు. ఆవిడకు మిగిలిందల్లా ఒక పసుపురంగు వానకోటు, ఒక పాత బైనాక్యులర్స్, ఊరినిండా గయ్యాళి అన్న పేరు.

నన్నడిగితే ఆవిణ్ణి గయ్యాళిని చేసింది జనమే. పసుపు కళ్ళ పెంగ్విన్‌ని చూడ్డానికి కావలసింది కాస్త ఓపిక. పొద్దున్నే సముద్రంలోకి వేటకెళ్ళిన పక్షి సాయంత్రం పొట్టనిండా చేపలతో ఒడ్డుకొస్తుంది. ఇసుకమీద మనిషి కనిపించాడా, ఇక రాదు. అలల్లోనే నిలబడి చూసి చూసి వెనక్కి పోతుంది. గట్టుమీద పొదల్లో పిల్ల ఆకలితో మాడుతుంది. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు కావాలా? 'మధ్యాహ్నం మూడు దాటాక ఇసుకలోకి దిగొద్దు, గట్టుమీది చెక్కపాకలో కూర్చుని సందులోంచి చూడండి' అని వదిన తన చేత్తో బోర్డు రాసి పాతింది. మహానుభావులు ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి, ఆ తర్వాత ఇసుకలోకి దిగుతారు!

ఒకప్పుడు ఇక్కడ పదకొండు గూళ్ళు. ఈ జనవరికి మిగిలింది ఒక్కటే, అందులో ఒక్కటే పిల్ల. తల్లి క్రిస్మస్ ముందు వేటకెళ్ళి మళ్ళీ రాలేదు. తండ్రి ఒక్కడే మేపుకొస్తున్నాడు. వదిన ఆయన్ని 'పెద్దాయన' అంటుంది.

మంగళవారం సాయంత్రం ఎవరిదో కుక్క ఇసుకలో పరుగులు పెట్టింది. పెద్దాయన వెనక్కి పోయాడు. బుధవారం ఒక జంట పెళ్ళిబట్టల్లో ఫొటోలకని వచ్చి చీకటిపడేదాకా కదల్లేదు. ఆరోజూ అంతే. గురువారం పొద్దున వన్యప్రాణుల శాఖ రేంజర్ వైమరీ వచ్చి పిల్లను సంచిలో పెట్టి తూచింది.

"బాగా తగ్గిపోయింది ఐల్సమ్మా. ఇవాళ కూడా దీనికి తిండి పడకపోతే రేపు పట్నం తీసుకెళ్ళిపోతా. పక్షుల ఆసుపత్రిలో పెడతారు. బతికితే బతుకుతుంది, మాట మాత్రం ఇవ్వలేను" అంది.

"ఎందుకు పడదమ్మా? ఇవాళ పెద్దాయన వస్తాడు. అడ్డమొచ్చినవాడి కాళ్ళు విరగ్గొట్టి నీకే అప్పగిస్తా" అంది వదిన.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. గొర్రెలు మేపే మా ఇళ్ళల్లో పిల్లకు నడక రాగానే నేర్పే మొదటి పాఠం, గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలిపెట్టడం. మూసి ఉంటే మూసి వెళ్ళాలి. తెరిచి ఉంటే ఎవరో పనుండి తెరిచారని అర్థం, ముట్టుకోకూడదు. చిన్నప్పుడు ఒకసారి తెరిచి ఉన్న గేటు మూసినందుకు మా నాన్న చెవి మెలేశాడు. ఆ నొప్పి ఇంకా గుర్తుంది. ఆ గురువారం నాలుగింటికి నేను గొర్రెల్ని తోలుకుంటూ బీచి దారిలో వెళ్ళాను. ఆ దారికి అడ్డంగా ఉండే గేటు బార్లా తెరిచి ఉంది. వదినే తెరిచిపెట్టుకుందేమో అనుకున్నాను. గొర్రెల్ని దాటించి, గేటు అలాగే వదిలేసి పోయాను.

అయిదింటికి వదినకు చీజ్ రోల్స్, ఫ్లాస్కులో టీ పట్టుకుని చెక్కపాకకి వెళ్ళాను. సందులోంచి చూద్దును కదా, ఇసుకమీద నలుగురు! మొగుడూ పెళ్ళాం, పెళ్ళీడు కూతుళ్ళిద్దరూ. దుప్పటి పరుచుకుని చిప్స్ తింటున్నారు.

వదిన మొహం కందగడ్డలా ఉంది. "మధ్యాహ్నం నా చేత్తో గేటు మూసి గొళ్ళెం పెట్టొచ్చానురా డూగల్! ముందెళ్ళిన ఏ అప్రాచ్యుడు తెరిచి వదిలేశాడో, వీళ్ళు తగలడ్డారు" అంది.

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయాను.

"నువ్విక్కడే ఉండు. వీళ్ళ సంగతి నేను చూస్తా" అని పసుపుకోటు తగిలించుకుని దిగిపోయింది. గాలి మావైపే వీస్తోంది, ప్రతి మాటా వినిపించింది.

"ఏమయ్యా! బోర్డు చదవడం రాదా? ఇది మీ అత్తారిల్లనుకున్నారా?"

"క్షమించండమ్మా, గేటు తెరిచే ఉంటే రావచ్చనుకున్నాం. వెళ్ళిపోతున్నాం" అన్నాడాయన.

పాపం, మర్యాదస్తులే. రెండు నిమిషాల్లో దుప్పటి మడిచి, గట్టెక్కి, పాకలోకి వచ్చి నా పక్కన బుద్ధిగా కూర్చున్నారు. అక్కడితో అయిపోయేది. కానీ వదిన ఆగితేనా! వాళ్ళు మరిచిపోయిన చిప్స్ కవరు కనబడింది. అది చేత్తో పైకెత్తి, సముద్రానికి వీపు పెట్టి, పాకవైపు తిరిగి మళ్ళీ అందుకుంది. "ఈ చెత్త ఎవడెత్తుతాడు? మీ తాతా?"

"అదిగో" అంది పెద్దమ్మాయి నెమ్మదిగా.

వదిన వెనకాల, నురగలోంచి పెద్దాయన లేచి నిలబడ్డాడు. పొట్ట బరువుకి కాస్త తూలాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే పోయింది. అరిస్తే ఆయన బెదిరిపోతాడు. సందులోంచి చెయ్యి బయటపెట్టి కూర్చో కూర్చో అని ఊపాను.

"నువ్వూరుకో డూగల్! నాకు చెప్పొచ్చావు పెద్ద! వీళ్ళనలా వెనకేసుకొస్తే రేపు కుక్కల్ని తెస్తారు!"

పెద్దాయన ఆ పసుపుకోటుకేసి చూశాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. కాసేపు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి అలలోకి దూకేశాడు. అప్పటికి వదిన తిరిగి చూసింది.

"ఆవిడ కూడా దిగకూడదు కదండీ?" అని గుసగుసగా అడిగాడు నా పక్కన కూర్చున్న మనిషి. అమాయకంగానే అడిగాడు. అయినా వాడి నెత్తిమీద ఫ్లాస్కు పెట్టి కొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు. గేటు వదిలేసినవాణ్ణి, నాకా కోపం!

వదిన పైకొచ్చి కోటు విప్పి, మడిచి పక్కన పెట్టింది. చీకటిపడేదాకా సందు దగ్గరే కూర్చుంది. పెద్దాయన మళ్ళీ రాలేదు.

శుక్రవారం పొద్దున వైమరీ పిల్లను అట్టపెట్టెలో పెట్టుకుంది. అది తల కూడా ఎత్తలేదు. వదిన కారుదాకా వెళ్ళి, పెట్టెమీద చెయ్యివేసి, "నేనే, తల్లీ" అంది. వైమరీకి అర్థంకాలేదు. నాకయింది.

ఆ సాయంత్రం ఇసుకమీద పురుగు కూడా లేదు. అయిదున్నరకి పెద్దాయన వచ్చాడు. తాపీగా ఇసుక దాటి, గట్టెక్కి, పొదల్లో దూరి పిల్లను పిలవడం మొదలుపెట్టాడు. పిలుస్తాడు, ఆగుతాడు, మళ్ళీ పిలుస్తాడు. పాకలో కూర్చుని అది వినడం నావల్ల కాలేదు.

"వదినా, ఆ గేటు... నేను గొర్రెల్తో వెళ్ళినప్పుడు తెరిచుంది. అలాగే వదిలేశాను" అన్నాను.

"తెలుసు. గేటుకి అటూ ఇటూ నీ గొర్రెల పెంటికలే."

"మరి నన్నొక్క మాట అనలేదేం? తిట్టు వదినా, పడతాను."

"మెల్లిగా మాట్లాడు, ఆయనకి వినబడుతుంది" అంది. సంచిలోంచి చిన్న రంగుడబ్బా, కుంచె తీసి నా ఒళ్ళో పెట్టింది.

మర్నాడు బోర్డు దగ్గరికెళ్ళాను. 'మూడు దాటాక ఇసుకలోకి దిగొద్దు' కింద, రంగు ఇంకా పూర్తిగా ఆరని అక్షరాల్లో, 'ఐల్సా ప్రింగిల్ కూడా' అని రాసుంది. దాని కింద ఒక గీతకు సరిపడా చోటు వదిలిపెట్టింది. నేను కుంచె ముంచి, ఈ గేటు మాత్రం ఎలా కనిపించినా మూసెయ్యాలని రాసి, కింద నా పేరు పెట్టాను.