నీలం పోయిన బొంత

అది 1944వ సంవత్సరం. బెంగళూరు చిక్కపేటలో బట్టల అంగళ్ళ పైన, మేడ మీద మా స్టూడియో ఉండేది. కెమెరా వెనక మా ఆయన, చీకటిగదిలో నేను. బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే. ఫోటో బాగా వస్తే జనం ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు, మొహం నల్లగా వస్తే లోపలికి తొంగిచూసి నన్ను అడిగేవాళ్ళు. కాలేజీలో కెమిస్ట్రీ చదివిన ఆడదానికి ఈ ఊళ్ళో దొరికిన ప్రయోగశాల ఆ చీకటిగదే. దాని మీద నాకున్న ఫిర్యాదులన్నీ చెప్పడం మొదలుపెడితే అసలు కథ మిగలదు.

యుద్ధం వల్ల బ్రోమైడ్ పేపర్ దొరకడం మానేసింది. బ్రోమైడ్ పేపర్ అంటే ఫోటోలు అచ్చువేసే కాగితం, దానికి వెండి లవణం పూసి ఉంటుంది. ఊరినిండా పెళ్ళిళ్ళు, సైన్యంలో చేరేవాళ్ళు, ఫోటోలు కావాలనేవాళ్ళు. కాగితం మాత్రం లేదు. అప్పుడు నేను బ్లూప్రింట్ మొదలుపెట్టాను. ఇంజనీర్లు ఇళ్ళ ప్లాన్లు నీలం రంగులో తీసే పద్ధతే అది. వెండి అక్కర్లేదు, ఇనుప లవణాలు చాలు. వాటిని నీళ్ళలో కలిపి, చీకటిలో గుడ్డకు పట్టించి ఆరబెట్టాలి. నెగటివ్‌ను దాని మీద పరిచి, అద్దం కింద బిగించి, ఎండలో పెట్టాలి. దీన్ని కాంటాక్ట్ ప్రింట్ అంటారు. నెగటివ్ ఎంత ఉంటే బొమ్మ అంతే వస్తుంది. ఆ తర్వాత ఉత్త నీళ్ళలో జాడిస్తే ఎండ తగలని చోట మందు కరిగిపోతుంది, తగిలినచోట నీలం నిలుస్తుంది.

చెప్పడానికి ఇంతే. కానీ మిద్దె మీద గంగాళం పక్కన కూర్చుని ఆ గుడ్డను నీళ్ళలో వదిలేటప్పుడు నేను నోరు మూసుకునేదాన్ని. అది మా ఇంట్లో విశేషమే. ఆకుపచ్చ మురికి మబ్బులా విడిపోయి, దాని వెనక నుంచి ఒక నుదురు, ఒక చెవి, నవ్వబోయి ఆగిన పెదవి పైకి తేలి వచ్చేవి. బెంగళూరు పొద్దుటి మంచు కూడా ఆ నీలం రంగులోనే ఉండేది. తీగ మీద ఆరేసిన గుడ్డలోని మనిషికీ వెనక ఆకాశానికీ ఎక్కడ అంచో తెలిసేది కాదు.

ఒకరోజు బళేపేట నుంచి నంజమ్మ అనే ఆవిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. గాజు నెగటివ్‌లు నాలుగు పాత చీరలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చింది. అన్నీ ఆమె కూతురు కమలవి. ఫోటోల పిచ్చి ఉన్న నంజమ్మ తమ్ముడు తీసినవట. కమల కానుపులో పోయింది. పుట్టిన పిల్లకు అప్పటికి మూడేళ్ళు. అల్లుడు కృష్ణప్పది వర్తూరులో అంగడి. అతనికి ఆనేకల్ నేతగాళ్ళ ఇంటి పిల్లతో రెండో పెళ్ళి కుదిరింది. ఇన్నాళ్ళూ నంజమ్మ దగ్గరే పెరిగిన మనవరాలు ఇప్పుడు తండ్రి ఇంటికి పోవాలి.

"గోడ మీద ఉండే ఫోటో తీసేయమన్నారమ్మా ఆనేకల్ వాళ్ళు," అంది నంజమ్మ. "కొత్త పెళ్ళికూతురు గడప తొక్కతానే దండేసిన మొగమా కనబడేది, అని. వాళ్ళు అనేదీ సరే. కానీ పిల్లకు తల్లి మొగం తెలియద్దా? గోడ మీద వద్దన్నారు. కప్పుకునే దాని మీద వద్దనలేదు కదా? బొంత కుడతా. నువ్వు గుడ్డ మీద బొమ్మలు వేసియ్యి."

నాకు వాదన దొరికితే వదిలే అలవాటు లేదు. "నంజమ్మా, పోయిన మనిషి బొమ్మ బొంత మీద వేస్తే కాళ్ళు తగలవా? మీ వాళ్ళే నిన్ను తప్పు పట్టరా?"

"తలవైపే కుడతా."

"నిద్రలో పిల్ల తల ఎటో, కాళ్ళు ఎటో. కాపలా ఉంటావా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "బిడ్డ కాళ్ళు తల్లికి తగిలితే తప్పేముండాది? కడుపులో ఉన్నెప్పుడు తన్నలేదా? చదువుకున్నదానివి, ఇది కూడా నేనే చెప్పాలా?"

నేను నెగటివ్‌లు అందుకున్నాను. మా ఆయన చీకటిగది తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. ఎవరైనా నా నోరు మూయిస్తే ఆయనకు పండగే.

కమల చీరల్లోనే ఒక తెల్ల మల్లు చీరను కోసి ముక్కలు చేశాం. గంజి పూర్తిగా పోవాలి, లేకపోతే మందు పట్టదు. ముసురు రోజులు. ఎండ వస్తూ పోతూ ఉంది. అద్దం కింద కమలను పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఒక బొమ్మలో ఆమె జడ ముందుకు వేసుకుని ఉంది. ఒకదానిలో కుర్చీ చేతిని పట్టుకుని, పట్టుకున్నట్టు కనబడకూడదని ప్రయత్నిస్తూ ఉంది. ఇంకోదానిలో నవ్వు ఆపుకుంటోంది. చివరిదానిలో చూపు మన మీద లేదు, పక్కన ఎవరో పిలిచినట్టు అటు తిరిగి ఉంది. నీళ్ళలో నుంచి లేచి వచ్చేటప్పుడు కూడా ఆమె అటే చూస్తూ వచ్చింది. నేను కూడా ఒకసారి అటు తిరిగి చూశాను. కాకి తప్ప అక్కడ ఏమీ లేదు.

ముక్కలు ఇచ్చేటప్పుడు నంజమ్మకు గట్టిగా చెప్పాను. "ఉత్త నీళ్ళలోనే జాడించాలి. సబ్బు వద్దు, సోడా వద్దు, బట్టలుతికే చౌడుమన్ను అసలే వద్దు. ఈ నీలానికి క్షారం తగిలితే విరిగిపోతుంది." ఆమె తల ఊపి, నెగటివ్‌లు మళ్ళీ చీరలో చుట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత బొంత కుట్టి తెచ్చి చూపించింది కూడా. ఎర్రటి, పచ్చటి చీరముక్కల మధ్య తలవైపు నాలుగు నీలం కిటికీలు. ఒక్కో కిటికీలోంచి కమల. పిల్లతో పాటు దాన్ని వర్తూరుకు పంపించింది.

చలికాలం పోయాక ఒక పొద్దున, చంకలో పిల్లతో, భుజాన మూటతో, పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి మా మెట్లెక్కి వచ్చింది. పెట్రోలు దొరకక బొగ్గుతో నడిపే బస్సులో వచ్చినట్టుంది, మొహమంతా మసి. మూట విప్పింది. నంజమ్మ బొంత. తలవైపు కిటికీలు ఖాళీ. ఎండుటాకు రంగు మచ్చలు నాలుగు, అంతే.

"అక్కా, నేను రత్నమ్మను. వర్తూరు కృష్ణప్ప ఇంటిదాన్ని. ఈ బొమ్మలు ఇక్కడే వేయించినారని విన్నా," అంది. "పాప పక్క తడిపిందని చెరువు గట్టున చౌటినీళ్ళలో నానేసినా. మా ఆనేకల్‌లో బొంతలు అట్లనే ఉతికేది. తిరిగి చూస్తే మొగం లేదు. కొట్టలేదక్కా, బండకేసి కొట్టలేదు. సుమ్మనె, ఊరికే నానేసినా, అంతే."

కొత్త పెళ్ళాం మొదటిదాని మొహాన్ని కడిగేసింది. ఊరు అనబోయే మాట ఇదే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"మీ ఆయన ఏమన్నాడు?"

"ఆయనకు ఇంగా చెప్పలేదు. పండక్కి నంజమ్మ వస్తాదంట. చూస్తే బతకనిస్తాదా? పాపను తిరిగి తీసుకుపోతాది. 'సవతి కళ్ళల్లో పడింది, చెరిపేసింది' అంటాది. నేనెట్ల లేదనేది? పోయింది నా చేత్తోనే కదా." పిల్లను ఇంకా గట్టిగా అదుముకుంది. "ఈ పాప రాత్రి ఆ మొగం మీద వేలు పెట్టుకోనిదే పండుకోదక్కా. రెండు రాత్రుల్నుంచి నిద్ర లేదు. నా మెడ మీద వేలు పెట్టుకోమంటే పెట్టుకోదు."

"మళ్ళీ అచ్చు వేద్దామంటే నెగటివ్‌లు నంజమ్మ దగ్గరే ఉన్నాయి," అన్నాను.

"అయ్యో, ఆమెను మాత్రం అడగద్దక్కా."

"ఈ మచ్చల మీద ఇంకేమైనా రాశావా?"

"పక్కింటామె నిమ్మకాయ రుద్దమంది. తుప్పు మరక పోతాదంట. రుద్దేకి భయమేసి ఇట్లే ఎత్తుకొచ్చినా."

నేను కూర్చున్న చోటి నుంచి లేచాను. "నీ భయం చల్లగా ఉండనీ. నిమ్మకాయ రుద్ది ఉంటే ఆమె నిజంగానే పోయేది."

చౌడు నీలాన్ని విరిచేస్తుంది కానీ ఇనుమును తీసుకుపోలేదు. ఆ ఇనుమే తుప్పులా, బొమ్మ ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే గుడ్డను పట్టుకుని ఉంటుంది. పులుపు తగిలితే అదీ కరిగిపోతుంది. వగరు తగిలితే మాత్రం నల్లబడుతుంది. కరక్కాయ, ఇనుము కలిస్తే సిరా అవుతుంది కదా, అదే సంగతి. ఫోటోగ్రఫీలో దీన్ని టోనింగ్ అంటారు, అంటే తయారైన బొమ్మ రంగును మందుతో మార్చడం. కరక్కాయ లేని ఇల్లు ఎక్కడుంది? మా ఇంట్లో దగ్గుకు పెట్టుకున్నవి దంచి, మరిగించి, వడకట్టి చల్లార్చాను. బొంతను మంచినీళ్ళలో చౌడు పోయేదాకా జాడించమని రత్నమ్మకు చెప్పాను.

"నీలం తిరిగి రాదు," అని ముందే అన్నాను. "నలుపు వస్తుంది. దాచడం కుదరదు."

"మొగం వస్తాదా?"

"చూద్దాం."

ముందు అంచు ముంచాను. కుర్చీ కాలు ఒకటి మెల్లగా నల్లబడింది. అప్పుడు బొంతంతా గంగాళంలోకి దించాం. మధ్యాహ్నపు ఎండ నీళ్ళ మీద కదులుతోంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోతు నుంచి, దూరపు వీధిలోంచి మన ఇంటివైపు నడిచి వచ్చేవాళ్ళలా, ఒక జడ వచ్చింది. దాని వెనక భుజం. కనుబొమలు. కళ్ళు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చాయి. చిక్కపేట అరుపులన్నీ కింద ఎక్కడో ఉన్నాయి. మేం ఇద్దరం ఒకే గంగాళం మీద వంగి ఉన్నాం. నీళ్ళలో మా మొహాల నీడలు, వాటి కింద కమల. ఏది ఎవరిదో ఒక క్షణం నాకూ తెలియలేదు.

"ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడనే లేదక్కా," అంది రత్నమ్మ. "పాపను కప్పేటప్పుడు కళ్ళు పక్కకు తిప్పుకునేదాన్ని. ఎంత చిన్నపిల్ల, చూడు. నాకంటే చిన్నది."

పిల్ల గంగాళం అంచు పట్టుకుని తొంగిచూసింది. "అమ్మ ఎండకు నల్లగయింది," అని తీర్పు చెప్పి, తడి బొంత మీదే కమల చెంప వెతుక్కుని వేలు పెట్టింది.

నేను నంజమ్మకు కబురు పంపాను. రత్నమ్మ నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. నేను వినలేదు. పండగదాకా ఆగితే ఈ నలుపు సంగతి ఆమెకు ఊరే ముందు చెబుతుంది. బళేపేట ఎంత దూరం? సాయంత్రం లోపలే నంజమ్మ మెట్లెక్కి వచ్చింది. తీగ మీద బొంత ఆరుతోంది. దాని వెనక రత్నమ్మ, కింద ఆమె పాదాలు మాత్రమే కనబడుతున్నాయి.

నంజమ్మ బొంత ముందు నిలబడిపోయింది. "ఎవరు చేసింది ఇది?"

జవాబు నా నాలుక మీద సిద్ధంగా ఉంది. నేను నోరు తెరిచేలోగా రత్నమ్మ బయటికి వచ్చింది. "నేనేనత్తా. చౌటినీళ్ళలో వేసినా. నీలం పోయింది. అక్క నలుపు తెప్పిచ్చింది."

"చౌడు తగలకూడదని నేను చెప్పలేదా?"

"ఎవరికి చెప్పావు నంజమ్మా?" అన్నాను నేను.

"అల్లుడికి చెప్పినా."

"మీ అల్లుడు ఏనాడు బొంత ఉతికాడు?"

నంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాతో కాదు, తీగతో చెప్పినట్టు అంది. "నా కూతురు కూర్చున్న చోట కూర్చుందని, దీంతో మాట్లాడేకి నాకు నోరు రాలేదప్పా. ఇంటికి పోయినా అల్లుడితోనే మాట్లాడి వచ్చేసినా."

దగ్గరికి వెళ్ళి తడి గుడ్డ మీద చెయ్యి పెట్టింది. "ముక్కుపుడక కనబడుతుండాది. నీలంలో కనబడలేదు." తర్వాత రత్నమ్మ వైపు తిరగకుండానే అడిగింది. "పాప పక్క తడిపిందా? నా దగ్గర ఎప్పుడూ తడపలేదే. రాత్రి అంబలి పోస్తావా?"

"పోస్తానత్తా. అడుగుతాది."

"దీపం పెట్టినంక పోయద్దు. పొద్దుండంగానే పోసెయ్యి. పండుకునే ముందర ఒకసారి బయటికి తీసుకుపో. నిద్రలో ఉన్నా ఎత్తుకుపో, అరుస్తాది, అరవనీ."

"సరే అత్తా."

"ఇంగ కుడిపక్కన పండబెట్టు. ఎడమపక్క అయితే కలలొస్తాయి దానికి."

నేను చీకటిగదిలోకి వెళ్ళిపోయాను. వాళ్ళ మాటల్లో నాకు పని లేదు. నేను అడ్డం రాకుండా ఉన్న సందర్భాలు తక్కువ కాబట్టి దీన్ని లెక్కలో వేసుకోమని మనవి. తలుపు సందులోంచి వినబడుతూనే ఉంది. ఆముదం, తలంటు, పిల్లకు ఏ కూర పడదు, ఏ పాట పాడితే ఏడుస్తుంది. పొద్దు వాలే దాకా నంజమ్మ చెబుతూనే ఉంది, రత్నమ్మ అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత గుడ్డ మీద చాలా బొమ్మలు అచ్చువేశాను. దిండు గలీబులు, పెళ్ళి రుమాళ్ళు, ఒకసారి ఒక జెండా కూడా. చౌడు వద్దనే మాటను బేరం కుదుర్చుకోవడానికి వచ్చిన మగవాళ్ళకు చెప్పడం మాత్రం మానేశాను. "మీ ఇంట్లో గుడ్డలు ఉతికేది ఎవరు? వాళ్ళను తీసుకురండి, అప్పుడిస్తాను," అంటాను. కొందరు విసుక్కుంటారు. ఒకాయన వాదనకు కూడా దిగాడు. నాతో వాదనకు దిగినవాళ్ళు చివరికి ఇంటికి వెళ్ళి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వస్తారు.