బేకరీలో ఫ్యాను కింద స్టూలు

మా మేనత్త పోయిన సంగతి సంఘం వాట్సాప్ గ్రూపులో చూశాను. "ప్రభువునందు నిద్రించారు" అని పాస్టరుగారు పెట్టారు. పోయింది మధ్యాహ్నం, భోంచేసి చెయ్యి కడుక్కుని కూర్చున్నాక. గుండె ఆగిందన్నారు. అత్త పట్టపగలు నిద్రపోయే మనిషి కాదు గనుక ఆ సందేశం మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది.

జ్ఞానాపురంలో అత్తకు బేకరీ ఉండేది. బన్నులు, రస్కులు, క్రిస్మస్‌కి కేకులు. బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది. అందరూ "అత్త బేకరీ" అనేవాళ్ళు, ఆమె అత్త వరస కానివాళ్ళు కూడా. మామయ్య పోర్టులో క్రేను నడిపేవాడు. బేకరీ వెనకవైపు కట్టెలతో మండే పాత ఇటుక భట్టీ మాత్రం ఆమెది. మే నెలలో ఆ గదిలోకి వెళ్ళి బయటికొస్తే రోడ్డు మీది ఎండ చల్లగా అనిపించేది.

భట్టీకి దూరంగా, కిటికీ పక్కన, గోడ ఫ్యాను కింద ఒక స్టూలు ఉండేది. దాని మీద కూర్చున్నవాళ్ళు కేకు గిన్నెలకు కాగితాలు గుండ్రంగా కత్తిరించాలి. పనిచేసే ఆడవాళ్ళలో ఎవరికైనా నెల తప్పిందని అనుమానం వస్తే నోరు విప్పనక్కర్లేదు, వచ్చి అక్కడ కూర్చుంటే చాలు. అత్త చూసి, భట్టీ దగ్గరికి ఇంకొకర్ని పంపేది.

మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదన్న పట్టింపు మాలో గట్టిది. దిష్టి తగులుతుందని భయం. ఆదివారం ప్రార్థనలో మాత్రం దిష్టిని నమ్మం అంటాం. అత్త ఆ పట్టింపుతో పోట్లాడలేదు. "సెప్పొద్దంటే సెప్పకండే, కూకోండి" అనేది.

కొన్నాళ్ళకే స్టూలు సంగతి వీధంతా తెలిసిపోయింది. ఎవరు కూర్చున్నారో చూడ్డానికే కొందరు బన్ను కొనడానికి వచ్చేవారు. అత్త ఊరుకుంటుందా? అందరికీ వంతులు వేసింది. పిండి పిసికే ముసలి మేస్త్రిని కూడా కూర్చోబెట్టింది. జనం ఆయనకి శుభాకాంక్షలు చెప్పడం చాలాకాలం మానలేదు.

ఈ ఏర్పాటుకి కారణం మా వదిన, అంటే అత్త కూతురు. అత్త పెళ్ళయిన కొత్తలో, ఎండలు మండుతున్న రోజుల్లో, కడుపుతో ఉంది. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళత్తగారు కట్టడి చేశారు. చెప్పకపోతే పని తప్పించుకునే దారి లేదు. రోజూ పొద్దుట్నుంచీ ఈ భట్టీ ముందే నిలబడేది. కళ్ళు తిరిగి పడిపోయేదట, ఒళ్ళు జ్వరం వచ్చినట్టు కాగిపోయేదట. ఈ ఎండలకి అందరికీ అంతేలే అన్నారు. వదిన వెన్ను కింది భాగం మూసుకోకుండా పుట్టింది. ఆపరేషన్ చేశారు. బతికింది గాని కాళ్ళు పనిచెయ్యలేదు.

బిడ్డ వెన్ను మొదటి వారాల్లోనే మూసుకుంటుందని, చాలామందికి కడుపుతో ఉన్నామని తెలియకముందే ఆ పని అయిపోతుందని, అప్పుడు తల్లి ఒళ్ళు మరీ వేడెక్కితే ప్రమాదం పెరగొచ్చని తర్వాతెప్పుడో ఒక డాక్టరమ్మ చెప్పింది. నా పిల్లకి వేడి వల్లే వచ్చిందా అని అత్త అడిగితే, చెప్పలేమంది, వేరే కారణాలూ ఉంటాయంది. అత్త కనబడ్డ ప్రతి డాక్టర్నీ అడిగింది. ఎవరూ అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. ఆ రెండింటి మధ్యే ఆమె బతికింది.

అనుమానం వచ్చేసరికే ఆలస్యం కావచ్చని తెలిశాక, కొత్తగా పెళ్ళైనవాళ్ళని ఎండాకాలమంతా భట్టీ దగ్గరికి రానివ్వడమే మానేసింది. చర్చిలోనూ అంతే. కొత్త పెళ్ళికూతుళ్ళని ఫ్యాను కిందికి పిలిచి, అక్కడున్న సంఘ పెద్దలతో "మీకు కడుపొచ్చీదేటి లేదు కదా, జరగండి" అనేది. చాదస్తమనేవారు.

నాకు పెళ్ళయ్యాక పోర్టు దగ్గర ఒక యార్డులో లారీల కాటా చూసే పని దొరికింది. రేకుల గది. ఒక మే సాయంత్రం బేకరీకి వెళ్తే రొట్టె వాసనకి కడుపులో తిప్పింది. నెల తప్పిన సంగతి ఎవరికీ చెప్పొద్దని అమ్మ అప్పటికే హెచ్చరించింది. నా భయం వేరు. చెబితే ఆ కాంట్రాక్టు ఉద్యోగం ఊడుతుందేమోనని.

"ఏటే, మొగం అలగుంది?" అంది అత్త. ఏం లేదన్నాను. ఆమె కత్తెర తెచ్చి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. కాసేపు నిలబడి, కూర్చున్నాను.

"రేపట్నుంచి ఆ రేకుల గదిలోకి ఎల్లకు" అంది వెనక నుంచి.

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇక్కడికొచ్చీ. కాయితాలు కత్తిరించుకో."

మర్నాడు మేనేజరుకి చెప్పాను. విసుక్కున్నాడు గాని, ఏసీ ఉన్న బిల్లుల గదిలోకి మార్చాడు.

పాప ఆరోగ్యంగా పుట్టింది. బేకరీకి తీసుకెళ్ళినప్పుడు అమ్మ సంతోషం పట్టలేక, "నీ మాట విన్నందుకే పిల్ల బాగా పుట్టింది" అంది. అత్త ముఖం మారిపోయింది. గొంతు తగ్గించి, "ఆ మాట ఇక్కడనకు. నా పిల్ల కౌంటర్లో కూకున్నాది. అది బాగోకుండా పుట్టిందేటి?" అంది. కౌంటర్లో కేకు డబ్బాకి దారం కడుతున్న వదిన తలెత్తలేదు. వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది.

అత్త ఎంతమందిని భట్టీ దగ్గర్నుంచి పక్కకి జరిపినా, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే, పక్కనే ఉన్న కూతుర్ని జనం ఒక హెచ్చరిక బోర్డులా చూస్తారు. దానికంటే చాదస్తురాలనిపించుకోవడమే నయమనుకుంది. ఆమె మీద నాకు అన్నిటికంటే గౌరవం ఇందుకే.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వదిన అంది: "ఆ స్టూలు నా వల్లే పెట్టిందని నాకు సిన్నప్పుడే తెల్సు. తెలీనట్టే ఉన్నాను. అమ్మకి నిమ్మళంగా ఉంటాదని."

మళ్ళీ బేకరీ తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. స్టూలు మీద ఎవరో ఖాళీ ట్రేలు పేర్చారు. ఈ మధ్యే పెళ్ళైన ఒక అమ్మాయి, ఆపేవాళ్ళు లేరు గనుక, బన్నుల ట్రే పట్టుకుని భట్టీ వైపు నడిచింది. వదిన కౌంటర్లోంచి చక్రాల కుర్చీ తిప్పుకుని అడ్డం వచ్చింది.

"ట్రే ఇలాగిచ్చి, ఆడ కూకో."

"నాకేటీ లేదక్కా" అంది ఆ అమ్మాయి, సిగ్గుపడుతూ.

"నానేటైనా అడిగానేటి?"

ఆ అమ్మాయి స్టూలు మీది ఖాళీ ట్రేలు కిందికి దించి కూర్చుంది. వదిన బన్నుల ట్రే ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి చాచి గోడ ఫ్యాను తాడు లాగింది. కిటికీ గూట్లో మిగిలిపోయిన కత్తిరించిన కాగితాలు కొన్ని ఎగిరి ఆమె చక్రాల దగ్గర పడ్డాయి.