మంద ముందు నడిచిన రోజు

మొన్న మా మనవరాలు బజారు నుంచి తెచ్చిన మాంసం పొట్లం, చల్లగా, పైన తేదీ అచ్చేసి ఉన్నది, నా చేతిలో పెట్టగానే నాకు గంట చప్పుడు వినిపించింది. మన ఈడు వాళ్లు నవ్వరని చెబుతున్నాను.

ఎల్లారెడ్డిలో మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, మాంసానికి ఉప్పు పట్టించి ఎండబెట్టి, రేకు డబ్బాల్లో పెట్టి మూత అతికించి, ఎడ్లబండి మీద కామారెడ్డి స్టేషనుకు చేర్చి రైలెక్కించేవాడు. మాంసాన్ని కూడా డబ్బాల్లో పెట్టి ఊళ్లు దాటిస్తారా అని అందరూ నవ్విన రోజుల్లో మా వైపు ఆ పని మొదలుపెట్టింది ఆయనే. నన్ను చదివించింది ఆ డబ్బాలే. చదువైపోగానే ఆ డబ్బాల కార్ఖానా నేనే చూసుకోవాలన్నది ఆయన ఆశ.

యుద్ధం రోజుల్లో బి.ఏ. పాసయ్యాను, మా వంశంలో మొదటివాణ్ని. పైగా పట్నంలో నౌకరీ కూడా దొరికింది. సంతోషం పట్టలేక బస్సులో పక్కవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చి, మిట్టమధ్యాహ్నం నేరుగా కార్ఖానాకు పరుగెత్తాను.

వాకిట్లో నూరు గొర్రెలు. ఒక్కటీ అరవడం లేదు. మెడలో గంటతో రోజూ మందను కోతకు లోపలికి నడిపించి, తాను మాత్రం అవతలి తలుపులోంచి బయటికొచ్చే పొట్టేలు ఒకటుండేది. వారం కింద తొందరలో కొత్త పనివాడు దాన్నీ కోసేశాడట. అది లేక మంద కదలకపోతే, ఆ గంట పెద్దబాపే మెడలో కట్టుకున్నాడు.

"పెద్దబాపూ, బియ్యే పాసైన! పట్నంల నౌకరి గూడ దొరికింది!"

ఆయన గంట విప్పి నా మెడకు కట్టాడు. "ఇయ్యాల నువ్వు ముందు నడువు. నౌకరి ముచ్చట ఎన్కసిరి చెప్పు."

"గొర్లకు ఇంగ్లీషు సమజైతదా సేటూ?" అని పనివాడొకడు నవ్వాడు.

నడిచాను. వెనక వందల గిట్టల మెత్తని చప్పుడు. నేనాగితే ఆగింది, కదిలితే కదిలింది. తిరిగి చూస్తే అన్నీ నా మెడ వైపే చూస్తున్నాయి. ఉప్పు వాసన నిండిన ఆ మసక దారిలో ఒకదాని వెచ్చని ఊపిరి నా అరచేతికి తగిలింది. అవతలి తలుపు దాటి ఎండలో నిలబడ్డాక, వెనక ఏ చప్పుడూ లేదు.

పెద్దబాపు నా ముఖం చూసి, నా మెడలోని గంట విప్పాడు.

"నీతోని కాదు కొడుకా. పో, నౌకరి చేసుకో."

గంట మళ్లీ తన మెడకే కట్టుకున్నాడు. ఆయన పోయాక కార్ఖానా మూతపడింది.

ఇప్పుడు పొట్లం మీద అన్నీ రాసి ఉంటాయి, ముందు ఎవరు నడిచారో తప్ప. నేను మాత్రం వీధిలో నడుస్తూ ఇప్పటికీ ఒక్కోసారి ఆగుతాను. నా వెనక, అవీ ఆగుతాయి.